శనివారం పలకని బండి

జంగారెడ్డిగూడెం
22-8-1999, ఆదివారం

మావయ్యకి నమస్కారాలు.

మాణిక్యం అత్త మోకాళ్లు ఎలా ఉన్నాయో ముందు రాయి. మిగతావన్నీ తర్వాత. ఇక్కడ ఆయన కాలు నయమే. మోటారుసైకిలు మీంచి అలా పడ్డ మనిషికి కాలొక్కటే విరగడం అదృష్టమంటున్నారు డాక్టరు గారు. సిమెంటు కట్టు ఇంకా నెలపైనే ఉంచాలట. మనిషి మంచం దిగడం లేదుగానీ నోరు మాత్రం తోటంతా తిరిగొస్తోంది. "ఆ మూల చెట్టు గెల ఇంకా పండలేదు, కొయ్యకండి" అని వసారాలోంచి కేకలు. అక్కణ్ణించి ఈయనకి గెల ఎలా కనిపిస్తుందో నాకైతే తెలీదు.

అసలు సంగతికొస్తాను. నువ్వు జూలైలో వచ్చి నాలుగు రోజులుండి నాకు నడపడం నేర్పించి వెళ్లావే, ఆ చిన్న ట్రాక్టరు నా పరువు తీస్తోంది. వారమంతా బుద్ధిగా ఉంటుంది. తాళంచెవి తిప్పగానే పలుకుతుంది. ఎరువు మోసినా, మందు కొట్టినా, పామాయిల్ చెట్ల కింద కోకో మొక్కల సందుల్లో తిప్పినా పేచీ లేదు. శనివారం వచ్చేసరికి మాత్రం 'టక్' అని ఊరుకుంటుంది. రెండు శనివారాల నుంచి ఇదే వరస. శనివారమే మాకు గెలల కోత. సాయంత్రం లోపల కలెక్షన్ సెంటరుకి చేర్చకపోతే లారీ వెళ్లిపోతుంది. కోసిన గెల నిలవుంటే నూనె పాడవుతుంది, వాళ్లు తీసుకోరు. నిన్న ఎడ్లబండి కోసం ఎండలో ఇల్లిల్లూ తిరిగి, సగం గెలలే పంపగలిగాను.

మొదటి శనివారం మెకానిక్ సత్తిరాజు వచ్చి "బ్యాటరీ ముసలిదైపోయిందమ్మా" అని కొత్తది బిగించాడు. పలికింది. నిన్న మళ్లీ ఆగితే సెల్ఫు మోటారు విప్పి, లోపలేవో బ్రష్షులు మార్చి, మళ్లీ అన్నీ తుడిచి బిగించాడు. పలికింది. వచ్చే శనివారం ఏం మారుస్తాడో, నన్నే మార్చేస్తాడేమో.

నీకు నవ్వులాటగా ఉంటుందిగానీ నాకు ఏడుపొస్తోంది మావయ్యా. మా బావగారు పెదబాబు గారు నిన్న షెడ్డు దగ్గరే నిలబడి, "తమ్ముడు లేచేదాకా తోట బంగార్రాజుకి కౌలుకి ఇచ్చేద్దాం. ఆడవాళ్ల చేతికి యంత్రాలు లొంగవు" అన్నారు. ఆయన మంచం మీంచి "దసరా దాకా చూద్దాం అన్నయ్యా" అన్నారు. దసరా దాకా నాకు గడువు. కౌలుకిస్తే మూడేళ్లు తిరిగి రాదు. ఈ రెండు నెలల్లో ఏ చెట్టు ఎన్ని గెలలు వేస్తుందో నాకు తెలిసింది. పొద్దున్నే ఆ బండెక్కి తోటలోకి వెళ్తుంటే నాకు ఎంత బాగుంటుందో ఎవరికి చెప్పను? నువ్వు నేర్పావు కాబట్టి నీకు చెబుతున్నాను.

నీ మాట ఒక్కటీ తప్పలేదు. కొంగు దోపుకుంటున్నాను, గొలుసు జాకెట్టు లోపలికి వేసుకుంటున్నాను. శ్రావణ శుక్రవారం మా అత్తగారు చేతికి తోరం కట్టబోతే కూడా, "తిరిగే బెల్టుల దగ్గర చేతికి దారాలుండకూడదని మా మావయ్య చెప్పాడండీ" అని వద్దన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. తోరం తిరిగి పళ్లెంలో పెట్టేసుకున్నారు.

ఒక్కసారి వచ్చి వెళ్లరాదూ?

నీ మేనకోడలు
రామతులసి


ధవళేశ్వరం
25-8-1999

అమ్మా తులసీ,

నీ ఉత్తరం అందింది. మీ అత్త మోకాళ్లు బాగానే ఉన్నాయి, నా చెవులే బాగా లేవు, ఆవిడ మాట్లాడ్డం ఆపితే కదా. ఈ వాక్యం ఆవిడకి చదివి వినిపించలేదు.

రమ్మన్నావు. గోదావరి ఎర్రబడింది. పై నుంచి వరద దిగుతోంది. బ్యారేజీ గేట్లు ఎత్తే మోటార్లు చూసుకోవాల్సిన ఎలక్ట్రీషియన్ మేనకోడలి ట్రాక్టరు ఆగిందని సెలవు పెడితే ఇంజనీరు గారు నన్ను కూడా నీళ్లతో పాటే కిందికి వదిలేస్తారు. ఫోను చెయ్యమంటావేమో. ఫోనులో నేను బొమ్మ గియ్యలేను. కింద గీశాను చూడు. నలుచదరంగా ఉన్నది బ్యాటరీ, గుండ్రంగా ఉన్నది సెల్ఫు. పిల్లిలా కనిపిస్తే అది నా చేతివాటం.

భయపడకు. కరెంటంటే మన కాలవ లాంటిదే. బ్యాటరీ మా బ్యారేజీ అనుకో. లావుపాటి తీగ కాలవ. సెల్ఫు మోటారు చివర ఉన్న చేను. తాళంచెవి తిప్పినప్పుడు ఆ చేనుకి ఒక్కసారిగా కాలవ కాలవంతా నీళ్లు కావాలి. లైటుకైతే చెంబెడు చాలు. అందుకే లైటు వెలిగింది కదా అని బండి బాగున్నట్టు కాదు.

శనివారం ఆగిందనుకో, సత్తిరాజుని వెంటనే పిలవకు. ముందు హెడ్‌లైటు వెయ్యి. అది వెలుగుతుండగా తాళంచెవి తిప్పు. లైటు అలాగే వెలుగుతూ బండి మాత్రం పలక్కపోతే రోగం స్విచ్చులోనో సెల్ఫులోనో ఉంది. లైటు కొడిగట్టిపోతే మాత్రం నీళ్లకి మొదట్లోనే అడ్డుపడుతోందన్నమాట. కొత్త బ్యాటరీ కనుక అది ఎండిపోయిందనుకోను. దాని మీద తీగలు బిగించే చోట చూడాలి. ఎర్ర టోపీ ఉన్న వైపు, నల్ల తీగ వైపు, రెండూ. చూసింది చూసినట్టు రాయి. నీకు తోచిన కారణాలు రాయకు, నువ్వు చిన్నప్పటి నుంచీ కథలు అల్లడంలో దిట్టవి.

అల్లుడు గారికి నా ఆశీస్సులు. కేకలు తగ్గించమను, ఎముకలు అతుక్కోవాలంటే ఊపిరి మిగలాలి.

మీ మావయ్య
అప్పాజీ

తా.క. చేతికి దారాలు వద్దన్నది నేనే, అందులో మార్పు లేదు. పెద్దావిడ చేతిలోంచి తోరం తిరిగి పళ్లెంలోకి పోయిందంటే మాత్రం నాకు కొంచెం ఇబ్బందిగా ఉంది. మనిషి ఏమీ అనలేదంటే ఏమీ అనుకోలేదని కాదు.


జంగారెడ్డిగూడెం
29-8-1999, ఆదివారం

మావయ్యకి,

నీ పిల్లి బొమ్మ అందింది. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని అరగంట చదివారు.

నిన్న శనివారం. ఆగింది. ముందే అనుకున్నాను. తెల్లారకుండానే మెలకువొచ్చేసింది. నువ్వు చెప్పినట్టే లైటు వేశాను. బ్రహ్మాండంగా వెలిగింది. తాళంచెవి తిప్పాను. 'టక్' మంది, లైటు మిణుకుమని ఆరిపోయినంత పనైంది. వదిలేస్తే మళ్లీ వెలిగింది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే.

బ్యాటరీ పైన చూశాను. ఎర్ర టోపీ శుభ్రంగా ఉంది. నల్ల తీగ వైపు కూడా శుభ్రంగానే ఉంది, ఊపితే కదల్లేదు. ఇంకో మాట. తిప్పుతున్నకొద్దీ పోపు మాడిన వాసన వచ్చింది. ముందు మా వంటింట్లోంచి అనుకున్నాను. కానీ ఆ వేళకి మా అత్తగారు పొయ్యి వెలిగించలేదు, పూజలోనే ఉన్నారు.

తర్వాత సత్తిరాజు వచ్చాడు. కాసేపు బ్యాటరీ దగ్గర గోకి, వేణ్ణీళ్లు పోసి, "పాచి పట్టిందమ్మా, ఈ గాలికి పట్టేస్తుంది" అన్నాడు. పలికింది. వారానికోసారి అంత పాచి ఎలా పడుతుందయ్యా అంటే, "మీ ఊరి నీళ్లండి" అన్నాడు. బ్యాటరీకీ ఊరి నీళ్లకీ ఏం సంబంధమో నాకైతే అర్థం కాలేదు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు బావగారు కూడా తలూపి, "అందుకే చెబుతున్నాను, ఈ నేలకి పడదు" అన్నారు. గెలలు చేరేసరికి లారీ కదులుతోంది. డ్రైవరుని బతిమాలి ఎక్కించాను. బంగార్రాజు నిన్న సాయంత్రం వచ్చి తోట చుట్టూ ఊరికే నడిచి వెళ్లాడు. ఊరికే ఎవరు నడుస్తారు?

నువ్వు రాలేకపోవడానికి వరదలే కారణమా? పోయిన గురువారం నువ్వు రామచంద్రపురంలో కనిపించావని మా ఆడపడుచు వెంకటదుర్గ ఇంటి నుంచి కబురొచ్చింది. తెల్ల చొక్కా వేసుకుని సెంటరులో సోడా తాగుతున్నావట. సోడాకి సెలవు దొరుకుతుందిగానీ నాకు దొరకదా? మా అత్తగారితో మాట్లాడాల్సొస్తుందని రావట్లేదేమో అని ఈయన అంటున్నారు. ఆవిడ నీకంత కానివారేం కాదు. మనిషి ముభావం, అంతే.

కోపంగానే రాస్తున్నాను.

రామతులసి


ధవళేశ్వరం
1-9-1999

అమ్మా తులసీ,

కోపంగా రాసినా అక్షరాలు బాగున్నాయి.

ముందు సోడా సంగతి. గేటు మోటారుకి ఒక బేరింగు కావాలంటే రామచంద్రపురంలో దొరుకుతుందని ఇంజనీరు గారే జీపులో పంపారు. గంటలో వెళ్లి గంటలో వచ్చాను. తెల్ల చొక్కా మీ అత్త ఉతికింది. సోడా నిజమే. ఇక మీ అత్తగారంటే నాకు గౌరవం తప్ప ఇంకేం లేదు. ఆవిడ తక్కువ మాట్లాడతారు, మా ఇంటికొస్తే ఆ పద్ధతి మీ అత్తకి కూడా నేర్పమని అడుగుదామనుకుంటున్నాను.

ఇప్పుడు బండి. నువ్వు చేసిన పరీక్ష చాలా బాగా చేశావు. లైటు కొడిగట్టిందంటే కాలవ మొదట్లోనే అడ్డుంది. సగం జబ్బు పట్టుకున్నాం. ఆ వాసన మాట మాత్రం నాకు నచ్చలేదు. తీగ మీద ప్లాస్టిక్ మాడితే అలాంటి ఘాటే వస్తుంది. మళ్లీ ఆ వాసనొస్తే తిప్పడం ఆపెయ్యి, పక్కన గడ్డీ గాదరా లేకుండా చూసుకో.

ఎర్ర టోపీ శుభ్రంగా ఉందన్నావు. టోపీ శుభ్రంగా ఉంటే మనకేం లాభం? టోపీ తీసి కింద చూశావా? తియ్యలేదు, నాకు తెలుసు. ఈసారి ఆగితే తాళంచెవి కొన్ని క్షణాలు తిప్పి పట్టుకుని వదిలెయ్యి. తర్వాత టోపీ తీసి ఒక్కో కీలూ వేలితో తాకి చూడు. ఎక్కడ వెచ్చగా తగిలితే అక్కడే దొంగ. పన్నెండు ఓల్టులు, నిన్నేం చెయ్యదు. ఉంగరం మాత్రం తీసెయ్యి.

ఇంకో సంగతి నన్ను తినేస్తోంది. బండికి వారాలు తెలియవు తల్లీ. మనుషులకే తెలుస్తాయి. శనివారం ఆగుతోందంటే శుక్రవారం ఏదో జరుగుతోంది. శుక్రవారం దాని దగ్గరికి ఎవరెళ్తున్నారో, ఏం చేస్తున్నారో కనిపెట్టు. కనిపెట్టమన్నాను, పట్టుకోమనలేదు.

మావయ్య


జంగారెడ్డిగూడెం
5-9-1999, ఆదివారం

మావయ్యా,

దొంగ దొరికింది!

నీ ఉత్తరం శుక్రవారం మధ్యాహ్నం అందింది. శుక్రవారం ఎవరెళ్తున్నారన్న మాట చదవగానే నాకు దీపం వెలిగినట్టయింది. టోపీలూ కీళ్లూ తాకడం దాకా ఎందుకని, పెద్ద తాళంకప్ప కొనితెచ్చి షెడ్డుకి వేసేశాను. చెవి నా కొంగుకి కట్టుకున్నాను.

దీపాల వేళకి ఎవరొచ్చారనుకున్నావు? మా అత్తగారు. చేతిలో పళ్లెం, దానిమీద కొంగు కప్పి ఉంది. తాళం చూసి ఆగిపోయారు. "తాళమెందుకమ్మాయ్?" అన్నారు. "బండికి దిష్టి తగులుతోందండీ" అన్నాను. ఆవిడ పళ్లెంతోనే లోపలికి వెళ్లిపోయారు.

నిన్న శనివారం. మొదటి తిప్పుకే పలికింది మావయ్యా! ఆ చప్పుడు వింటే నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. గెలలన్నీ పొద్దెక్కకుండానే చేర్చేశాను. లారీ డ్రైవరు "ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడమ్మా" అన్నాడు. తాళం వేస్తే పలికిందంటే, వెయ్యనప్పుడు ఎవరు ఆపుతున్నట్టు? వేరే సాక్ష్యం కావాలా? కోడలు ట్రాక్టరెక్కి వీధిలో వెళ్లడం ఆవిడకి మొదటి నుంచీ ఇష్టం లేదు. నేను బండెక్కినప్పుడల్లా గుమ్మంలో నిలబడి, మలుపు తిరిగేదాకా అలా చూస్తూనే ఉంటారు. ఆ చూపు నా వీపుకి గుచ్చుకుంటూ ఉంటుంది. పైకి ఒక్క మాట అనరు, చెయ్యాల్సింది చేస్తారు.

రాత్రి అన్నాల దగ్గర నోరు ఊరుకోక అనేశాను. "ఇంట్లోవాళ్లే బండిని ఆపుతుంటే బయటి మెకానిక్కులు మాత్రం ఏం చేస్తారు" అన్నాను. మామగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ఈయన "ఏంటి నువ్వనేది?" అన్నారు. ఆవిడ మాత్రం విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నారు. అన్నం అలాగే ఉంది. ఇవాళ పొద్దున, "రేపు రామచంద్రపురం అమ్మాయి దగ్గరికి వెళ్తాను, కొన్నాళ్లుండొస్తాను" అన్నారు. కాదంటే కదా నేను తప్పు చేశాననుకోవడానికి! ఒక్క మాట కాదనలేదు.

బండి పలికింది, తోట నిలబడుతుంది, నాకు ఎంతో తేలిగ్గా ఉండాలి. ఉంది కూడా. కానీ ఈయన నాతో పొద్దుటి నుంచి మాట్లాడలేదు. నువ్వైనా నేను చేసింది రైటని రాయి.

తులసి


ధవళేశ్వరం
7-9-1999, మంగళవారం

అమ్మా తులసీ,

రైటని రాయను. కూర్చుని చదువు.

నిన్న మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి మీ అత్తగారు మా వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. రాజమండ్రిలో రామచంద్రపురం బస్సెక్కి, ధవళేశ్వరం రాగానే దిగిపోయారట. మీ అత్త కాఫీ ఇస్తే పక్కన పెట్టేసి నాకోసమే చూస్తున్నారు. నన్ను చూడగానే, "తమ్ముడుగారూ, మీకు యంత్రాల సంగతి తెలుసు కదా. పసుపూ తోరం పెడితే బండి ఆగుతుందాండీ?" అని అడిగారు.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"కొడుకు మంచాన పడ్డాడండీ. ఇప్పుడు కోడలు ఆ బండెక్కి వెళ్తోంది. అది గేటు దాటినకాణ్ణించి తిరిగొచ్చేదాకా నాకు మంచినీళ్లు దిగవండి. తోరం చేతికి కడదామంటే, మీరు వద్దన్నారని చెప్పింది. పెద్దవాళ్లు వద్దన్నాక నేను కట్టకూడదు కదా. మరి ఎక్కడ కట్టను? ఆ సత్తిరాజు ఓనాడు బ్యాటరీ చూపించి, బండి ప్రాణమంతా ఇక్కడే ఉందమ్మా అన్నాడు. శుక్రవారం వెళ్లి ఆ ఎర్ర టోపీ ఎత్తి చూశాను. కింద అచ్చం పసుపు గౌరమ్మలా ఉందండీ, బుల్లిగా, గుండ్రంగా. దానికి తీగ బిగించే కమ్మీ చేత్తో లాగితే వచ్చేసింది. పసుపు రాసి, బొట్టు పెట్టి, తోరం చుట్టి, కమ్మీ మళ్లీ నొక్కి, టోపీ పెట్టేశాను. ప్రతి శుక్రవారం పాతది ఉండేది కాదు. అమ్మవారు తీసుకుందనుకుని కొత్తది కట్టేదాన్ని."

తులసీ, అమ్మవారు కాదు, సత్తిరాజు తీసుకున్నాడు. పసుపులో నాని నల్లబడిన తోరాన్ని పాచి అనుకుని గోకి పారేశాడు. వాడు బ్యాటరీ మార్చినా, బ్రష్షులు మార్చినా బండి పలికింది ఆ గోకడం వల్లే. నువ్వు పీల్చింది పోపు వాసనా కాదు, ప్లాస్టిక్ వాసనా కాదు. పసుపూ దారమూ వేడెక్కిన వాసన. ఆవిడకి గౌరమ్మలా కనిపించిన ఆ సీసం మొలకి, కమ్మీకి మధ్య తొమ్మిది ముళ్ల తోరం పెడితే, తూములో గుడ్డ కుక్కినట్టే. లైటుకి చెంబెడు కారుతుంది, సెల్ఫుకి చాలదు. నేను ముప్పై ఏళ్లుగా మోటార్లు చూస్తున్నాను. ఇలాంటి ఫాల్టు చూడలేదు, ఇంత ప్రేమగా పెట్టిన ఫాల్టు అసలే చూడలేదు.

ఈ మాట నెమ్మదిగా చెప్పాను. ఆవిడ ఆ చల్లారిన కాఫీ ఇంకా దూరంగా జరిపారు. తర్వాత, "అయితే ప్రతి శనివారం అందరిముందూ పిల్ల తలవంపులు పడింది నావల్లేనా?" అన్నారు. కళ్లు తుడుచుకోవడం మీ అత్త చూసింది. నువ్వన్న మాటలకి ఆవిడకి కోపం లేదు తల్లీ. నువ్వన్నది నిజమే కదా అని బాధ. ఆవిడ కాదనకపోవడానికి కారణం, నువ్వు తాళం వేసిన మర్నాడు బండి పలకడం చూసి ఆవిడకి కూడా అనుమానం రావడమే. అది అడగడానికే నా దగ్గర దిగారు. నీతో చెప్పొద్దన్నారు. సరేనన్నాను. చెబుతున్నాను. పాపం నాకే తగలనీ.

గుమ్మంలో ఆ చూపు సంగతి నీకిప్పుడు అర్థమై ఉంటుంది.

ఇవాళ పొద్దున రామచంద్రపురం బస్సెక్కించాను. వెళ్లేముందు ఆవిడ సంచిలోంచి ఒక తోరం తీసి, "మొన్న శుక్రవారానిది, కట్టడానికి చోటు దొరకలేదు. పారెయ్యకూడదు, మీ దేవుడి దగ్గర పెట్టండి" అని మీ అత్తకిచ్చారు. మా పటాల ముందు ఉంది.

బండికి చెయ్యాల్సింది చిన్న పని. ఆ కమ్మీ బోల్టు అరిగిపోయింది, అందుకే చేత్తో ఊడొస్తోంది. కొత్తది వేయించి స్పానరుతో బిగించమను, పైన కాస్త వ్యాజిలీను రాయి. దారాల సంగతిలో నా రూలు నువ్వు అందరికీ చెప్పావుగానీ నేను పూర్తిగా చెప్పలేదు. తిరిగే బెల్టు దగ్గరే చేతికి దారం వద్దన్నాను. ఇంటికొచ్చాక ఏనుగుని కట్టే తాడైనా కట్టుకో. తిరగని, కరెంటు లేని చోట బండికి కూడా ఎన్ని కట్టినా నాకు అభ్యంతరం లేదు.

మిగతాది నేను ఉత్తరంలో గీసి చూపించగలిగే పని కాదు. బస్సు పొద్దున ఆరింటికే ఉంది.

మావయ్య


జంగారెడ్డిగూడెం
19-9-1999, ఆదివారం

మావయ్యకి, మాణిక్యం అత్తకి నమస్కారాలు.

నీ ఉత్తరం షెడ్డులో నిలబడి చదివాను. చదివాక బ్యాటరీ మీద ఎర్ర టోపీ తీశాను. సీసం మొల మొదట్లో, సత్తిరాజు గోకుడుకి అందని సందులో, ఇంకా కాస్త పసుపుంది. నిజంగానే గౌరమ్మలా ఉంది మావయ్యా. ఇన్నాళ్లూ ఆ టోపీ నేను ఎత్తలేదు. నువ్వు ఎత్తి చూడమంటే తాళంకప్ప కొనడానికి పరిగెత్తాను.

ఆయనకి చదివి వినిపించాను. విని, గోడవైపు తిరిగి పడుకున్నారు. కాసేపటికి, "నేను రాలేను, నువ్వు వెళ్లు" అన్నారు. నాలుగు రోజుల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అదే.

చవితి హడావిడి అయ్యాక బుధవారం వెళ్లాను. బస్సులో దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. తీరా వెళ్లేసరికి ఆవిడ వెంకటదుర్గ పెరట్లో పీట వేసుకుని కందిపప్పు చెరుగుతున్నారు. నన్ను చూసి చేట ఆపారు. నేను కూడబలుక్కున్నదంతా ఎటో పోయింది. "ఎల్లుండి శుక్రవారం. బండికి బొట్టు ఎవరు పెడతారండీ?" అన్నాను.

"తాళం వేశావు కదమ్మాయ్" అన్నారు.

కొంగు ముడి విప్పి తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాను. అప్పుడు ఏడుపొచ్చేసింది. "తప్పయిపోయిందండీ, ఎంతెంత మాటలన్నాను" అని అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. ఆవిడ పప్పు చేత్తోనే నా తల నిమిరారు. "లేమ్మా, చీర పాడవుతుంది. బండాగిపోయింది నా వల్ల కాదా ఏంటి?" అన్నారు. తర్వాత ఇద్దరం నవ్వాం. వెంకటదుర్గ వంటింట్లోంచి వచ్చి, మేమెందుకు నవ్వుతున్నామో ఎందుకు ఏడుస్తున్నామో తెలియక, ఇద్దరికీ చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చి వెళ్లింది.

గురువారం పొద్దున్నే ఇద్దరం ఇంటికొచ్చేశాం, సాయంత్రం సత్తిరాజు కొత్త కమ్మీ బిగించాడు. పాచి అసలు సంగతి చెబితే, "నేనూ పసుపు వాసనే అనుకున్నానండి, మరీ అడిగితే బాగోదని" అన్నాడు. వాడి నోరు అలాగే ఉండనీ, చెయ్యి మంచిది.

శుక్రవారం సాయంత్రం పూజయ్యాక ఆవిడ తోరం పట్టుకుని నావైపు చూశారు. చెయ్యి చాపాను. కట్టారు. నిన్న పొద్దున షెడ్డు తాళం ఆవిడే తీసి, నేను సీటెక్కేముందు, "ఇలా తే" అని నా చేతి తోరం విప్పి హెడ్‌లైటు కింద కడ్డీకి కట్టారు. తిరగని చోటు, కరెంటు లేని చోటు. నువ్వు చెప్పినట్టే అడిగి మరీ కట్టారు. బావగారు వేపపుల్ల నములుతూ గేటు దగ్గర నిలబడ్డారు. ఆయన చూస్తుండగానే తాళంచెవి పెట్టాను. తిప్పాను.

పలికింది మావయ్యా. ఒక్క తిప్పుకి. లోపలి నుంచి ఈయన వేసిన కేక నీకు ధవళేశ్వరం దాకా వినపడి ఉండాలి.

గెలలన్నీ దింపి తిరిగొస్తుంటే బావగారు దారిలో ఆపారు. మళ్లీ కౌలు మాటేమో అనుకున్నాను. "వచ్చే శనివారం మా తోట గెలలు కూడా ఓ ట్రిప్పు వేస్తావా అమ్మా? మా పెద్ద ట్రాక్టరు ఆ సందుల్లో దూరట్లేదు" అన్నారు. బంగార్రాజుకి వేరే తోట చూసుకోమని ఆయనే చెప్పారట. దసరా దాకా కూడా ఆగలేదు. నాకు గుండెల మీంచి గెలల బండి దింపినట్టుంది.

సాయంత్రం బండి షెడ్డులో పెట్టేసరికి ఆవిడ దీపంతో వచ్చి నిలబడి ఉన్నారు. కడ్డీ మీంచి తోరం విప్పి మళ్లీ నా చేతికి కడుతున్నారు. ముడి సరిగ్గా పడక రెండుసార్లు విప్పారు. "ఇంత శ్రమెందుకండీ? రెండు చేస్తే సరిపోతుంది కదా, బండికొకటి, నాకొకటి" అన్నాను.

ఆవిడ ముడి బిగించి, నా మొహంలోకి చూసి, "బండికి నేనెప్పుడు కట్టానే? నీకు కట్టడానికి వీల్లేక అక్కడ పెట్టాను" అన్నారు.

నీ
తులసి